తిరుపతిలో డాక్యుమెంటరీల కంపెనీ పెడదామనుకుంటున్నాం. డబ్బు ఎక్కడ, పెత్తనం ఎవరిది?

స్వర్ణముఖి (తిరుపతి):

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం కలిసి తిరుపతిలో ఒక చిన్న నిర్మాణ సంస్థ పెట్టాలనుకుంటున్నాం. సినిమాలు, సీరియళ్ళు కాదు. మన చుట్టుపక్కల జనం బతుకుల మీద డాక్యుమెంటరీలు. నేను పద్మావతి మహిళా యూనివర్సిటీలో జర్నలిజం చదివి, కొన్నాళ్ళు పత్రిక డెస్కులో పనిచేశాను. మిగతా ఇద్దరిలో ఒకరిది కెమెరా, ఇంకొకరిది సౌండూ ఎడిటింగూ.

మొదటి సినిమాకి మూడు విషయాలు అనుకున్నాం. ఎర్రచందనం ఒకటి. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల అద్దకం నీళ్ళు కుశస్థలి నదిలో కలవడం రెండోది. తోతాపురి మామిడి ధర మూడోది.

డబ్బు సంగతికొస్తే, ఒక కంపెనీ సీఎస్సార్ (లాభాల్లో కొంత సమాజానికి ఖర్చుపెట్టే) విభాగం వాళ్ళు పిలిచి మాట్లాడారు. తాము పూడిక తీయించిన చెరువుల మీద సినిమా తీసిపెట్టమన్నారు. మొత్తం బాగానే ఇస్తారు, కానీ చివరి కట్ వాళ్ళు చూసి సరే అనాలి. ఆ డబ్బుతో సొంత సినిమా మొదలుపెట్టొచ్చని మాలో ఒకరి వాదన. అట్లా మొదలుపెడితే చివరికి అదే మన పని అయిపోతుందని ఇంకొకరిది. నేను మధ్యలో ఉన్నాను.

కంపెనీ ఏ రూపంలో పెట్టాలి, డబ్బు ఎక్కడ దొరుకుతుంది, ఆ మూడింట్లో దేంతో మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

గంగజాతర (తిరుపతి):

డాక్యుమెంటరీ ఎవరు చూస్తారు తల్లీ? అలిపిరి దగ్గర టిఫిన్ బండి పెట్టుకోండి, ముగ్గురికీ మూడుపూటలా జరుగుబాటు. ఊరికే అన్నాలే. చదువుతా ఉంటా, రాయండి.

పెళ్ళికెమెరా బాబాయ్ (శ్రీకాళహస్తి):

అమ్మా, ముందు కెమెరా కొనొద్దు. అందరూ చేసేది అదే. అప్పు చేసి కెమెరా కొంటారు, ఈఎంఐ కట్టేదానికి పెళ్ళిళ్ళు ఒప్పుకుంటారు, మూడేళ్ళకి నాలాగా అవుతారు. నేను బాగానే ఉండాను, అది వేరే సంగతి.

కొనాల్సింది మైకులు. బట్టలకి గుచ్చే మంచి లేపల్ మైకు రెండు, జేబులో వేసుకునే రికార్డరు, కర్రకి తగిలించే బూమ్ మైకు ఒకటి. బొమ్మ కొంచెం అటూ ఇటూ అయినా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచిపోతారు. నైలాన్ చీర కట్టుకున్న పెద్దామెకి లేపల్ పెట్టేటప్పుడు పైట లోపలికి గుచ్చితే గరగరమంటా రుద్దుకుంటుంది. తీగకి ముడేసి, చిన్న టేపు ముక్కతో రవిక అంచుకి అంటించాల. ఇంట్లో తీస్తా ఉంటే ఫ్యాను ఆపాల, ఫ్రిజ్జు తీగ పీకాల. పీకిన ఫ్రిజ్జు మళ్ళీ పెట్టేది మర్చిపోవద్దు, పాలు విరిగితే ఆ ఇంటికి మళ్ళీ పోలేరు.

కెమెరా బాడుగకి తెచ్చుకోండి. చెన్నైలో వడపళని వైపు అన్నీ దొరుకుతాయి, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇంకో మాట చెప్తా. ఆషాఢంలో మా కెమెరాలన్నీ బీరువాల్లో నిద్రపోతా ఉంటాయి, ముహూర్తాలు లేవు కదా. అడిగితే సగం బాడుగకే ఇస్తాం. తోతాపురి కోతలు సరిగ్గా అప్పుడే. ఆలోచించుకోండి.

తోతాపురి (బంగారుపాళ్యం):

బాబాయ్ చెప్పింది నిజమే. మాకు ఆషాఢంలోనే ఊపిరాడేది ఉండదు.

పద్దుపుస్తకం (చిత్తూరు):

రిజిస్ట్రేషన్ సంగతి నేను చెప్తాను. ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు.

ముగ్గురూ పనిచేసేవాళ్ళే, బయట పెట్టుబడి లేదు అంటే ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) సరిపోతుంది. రాబడి తక్కువున్నప్పుడు ఆడిట్ బాధ కూడా తక్కువ. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ పెద్ద కంపెనీలు బిల్లులో జీఎస్టీ నంబరు అడుగుతాయి. మీకిచ్చే డబ్బులో టీడీఎస్ పట్టుకుంటారు కాబట్టి చేతికొచ్చేది ఒప్పందంలో రాసినంత ఉండదు. ఆ లెక్క ముందే వేసుకోండి.

సీఎస్సార్ డబ్బు రెండు రకాలుగా వస్తుంది, ఈ తేడా పట్టుకోండి. కంపెనీ తన కార్యక్రమాన్ని అమలు చేసే సంస్థగా మీకు డబ్బిస్తే, మీరు సెక్షన్ 8 కంపెనీయో (లాభం పంచుకోనిది) ట్రస్టో సొసైటీయో అయ్యుండాలి. ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి. 2021 నుంచి సీఎస్సార్-1 ఫారం కూడా తప్పనిసరి. ఎల్ఎల్‌పీకి ఆ దారి లేదు. కానీ 'మాకో సినిమా తీసిపెట్టండి, బిల్లు ఇవ్వండి' అంటే అది మామూలు సేవ, ఎల్ఎల్‌పీ అయినా చేయొచ్చు. మీకు వచ్చింది ఈ రెండో రకం పిలుపు అనుకుంటున్నాను.

విదేశీ గ్రాంటుల మీద ఆశ పెట్టుకుంటే ఒక్కమాట. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ), 2010 మూడో సెక్షన్ ప్రకారం వార్తలు, వర్తమాన వ్యవహారాల దృశ్య కార్యక్రమాలు తీసే సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. సామాజిక డాక్యుమెంటరీ ఆ గీతకి ఏ పక్కన పడుతుందో తేల్చేది మీరు కాదు. అనుమతి ఉన్న స్వచ్ఛంద సంస్థ తన విదేశీ నిధిలోంచి మీకు గ్రాంటుగా కొంత బదిలీ చేయడం కూడా 2020 సవరణతో ఆగిపోయింది. బయటి ఛానెల్‌కి సినిమా అమ్మి బిల్లు తీసుకోవడం వేరే లెక్క. అది వ్యాపారం.

నల్లకోటు (తిరుపతి):

పద్దుపుస్తకం గారు డబ్బు చెప్పారు, నేను హక్కు చెప్తాను. అమ్మాయీ, ఆ చెరువుల సినిమా ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ చదువు. ఎవరైనా డబ్బిచ్చి, తమ కోసం సినిమా తీయించుకుంటే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు దాని మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్ళే. తీసింది నువ్వు, తిరిగింది నువ్వు, సినిమా వాళ్ళది. నువ్వు తీసి వాడకుండా మిగిలిపోయిన ఫుటేజీ మీద కూడా పేచీ వస్తుంది. రేపు అదే చెరువు ఆయకట్టు రైతుల మీద నువ్వు వేరే సినిమా తీస్తే, అందులో పాత షాటు ఒక్కటి వాడినా నోటీసు రావచ్చు.

కాబట్టి రెండు క్లాజులు అడుగు. ఒకటి, వాడని ఫుటేజీ మీ సంస్థదే అని. రెండు, మార్పులు అడిగే హక్కు వాళ్ళకుంటుంది కానీ, ఎవరి మాటనైనా అర్థం మారేటట్టు కత్తిరించమంటే మీ పేరు తీసేసే హక్కు మీకుంటుందని. ఒప్పుకుంటే చేయి. ఒప్పుకోకపోతే వాళ్ళకి కావాల్సింది డాక్యుమెంటరీ కాదు, ప్రకటన. ప్రకటన రేటే అడుగు.

ఎర్రచందనం సంగతి. ఆ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన శేషాచలం చుట్టుపక్కల, తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. అందుకే బయటినుంచి కెమెరా పట్టుకుని వచ్చే ప్రతివాడూ ముందు ఇదే తీస్తానంటాడు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవుల్లో 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయిన చోటు అది. మొదటి సినిమాకి ఇది వద్దంటాను. భయపెట్టడానికి కాదు. కెమెరా ముందు కూలీ ఒకడు 'నేను నరికాను' అంటే, అది వాడి ఒప్పుకోలు అయి కూర్చుంటుంది. కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 94వ సెక్షన్ కింద పోలీసులు నీ హార్డ్ డిస్కు తెమ్మని సమన్లు ఇవ్వొచ్చు. పత్రికకైతే వెనక లాయరు ఉంటాడు. మీ ముగ్గురికీ ఎవరున్నారు? అడవి లోపల తీయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అడిగితే వచ్చే అనుమతిలో ఆ శాఖ కథే ఉంటుంది.

గంగజాతర:

లాయరు గారూ, మీరున్నారు కదా వెనక.

నల్లకోటు:

ఫీజు మాట్లాడుకుందాం రా.

మగ్గం చప్పుడు (నగరి):

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. కుశస్థలి మీద వీడియోలు చాలా వచ్చాయి. అందరూ ఒకటే తీస్తారు. పైనుంచి డ్రోను, కింద రంగునీళ్ళు, నురగ, విషాద సంగీతం. చివర్లో 'అధికారులు ఎప్పుడు మేలుకుంటారో' అని ఒక గొంతు.

మా నాయన మగ్గం మీద ఉన్నాడు. అద్దకం యూనిట్లు మూసేస్తే మగ్గాలకి రంగు నూలు లేదు, మా పొయ్యి వెలగదు. మూయకపోతే మా మేనత్త వాళ్ళ బోరు నీళ్ళు ఎందుకూ పనికిరావు. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు, పండగకి ఒకే పందిట్లో కూర్చుంటారు. ఈ సంగతి ఆ వీడియోల్లో ఒక్కదాంట్లో కూడా లేదు. అద్దకం యజమాని కూడా పెద్ద షావుకారేం కాదు, చాలామంది అప్పుల్లో ఉన్న చిన్నవాళ్ళే. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఎవరు కట్టాలి, కట్టాక దాని కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అనేదగ్గరే అంతా ఆగిపోతుంది. అది తీయండి. డ్రోనుకి అది కనపడదు.

మా వైపు మాట సగం అరవం, సగం తెలుగు. ఒకే వాక్యంలో రెండూ వస్తాయి. డబ్బింగ్ చెప్పించకండి.

పల్లెబాట (సత్యవేడు):

నేను యానాదుల కాలనీల్లో పనిచేస్తాను. కంపెనీ రూపం మీరు ఎట్లయినా పెట్టుకోండి, సమ్మతి సంగతి మాత్రం మొదటి రోజే తేల్చుకోండి.

కొన్నేళ్ళ కిందట ఒక బృందం వచ్చింది. పేరు చెప్పను. వెట్టి నుంచి బయటపడ్డ ఒక కుటుంబం చేత గంటలకొద్దీ మాట్లాడించారు. మొహాలు మసక చేస్తామన్నారు, చేశారు కూడా. కానీ గొంతు మార్చలేదు. గుడిసె ముందరి చింతచెట్టు, పక్కనున్న నీళ్ళ ట్యాంకు, దాని మీద ఊరి పేరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఫోనులో చూసినవాళ్ళందరికీ ఎవరో తెలిసిపోయింది. అప్పు ఇచ్చినవాడికి కూడా. ఆ కుటుంబం ఆ తర్వాత ఊరు మారింది. సినిమాకి ఎక్కడో బహుమతి వచ్చిందని విన్నాం. మాకు చూపించినవాళ్ళు లేరు.

మైనర్లు, లైంగిక దాడి బాధితులు ఉంటే చట్టం గట్టిగా ఉంది. పోక్సో 23వ సెక్షను, జువెనైల్ జస్టిస్ చట్టం 74. పేరు ఒక్కటే కాదు, ఇల్లు, బడి, కుటుంబం, ఏదో ఒకదాన్ని బట్టి గుర్తుపట్టేట్టున్నా తప్పే. కానీ అప్పులో ఉన్న కూలీ, వెట్టిలో ఉన్న మనిషి పెద్దవాళ్ళయితే ఆ కాపలా లేదు. మీరే కాపలా కాయాలి.

వేలిముద్ర వేయించుకున్న కాగితం సమ్మతి కాదు. చదవడం రానివాళ్ళకి ఏం తీస్తున్నారో, ఎక్కడెక్కడ చూపిస్తారో వాళ్ళ మాటల్లో చెప్పి, వాళ్ళు దాన్ని తిరిగి మీకు చెప్పగలిగితే అదే రికార్డు చేసుకోండి. ఎడిటింగ్ అయ్యాక, బయటికి పంపేముందు ఒకసారి వాళ్ళకి చూపించండి. 'ఇది తీసెయ్యమ్మా' అంటే తీసెయ్యాలి.

కత్తెర (మదనపల్లె, ప్రస్తుతం హైదరాబాదు):

చివరి మాటతో సగమే ఏకీభవిస్తాను. బలహీనుడు తీసెయ్యమంటే తీసెయ్యాలి. సర్పంచో, ఫ్యాక్టరీ మేనేజరో కెమెరా ముందు ఒక మాట అని, తర్వాత తీసెయ్యమంటే? అందరికీ ఒకే నియమం పెట్టుకుంటే సినిమాలో మిగిలేది పలకరింపులే.

పల్లెబాట:

నేను చెప్పింది ఎవరి గురించో మీకు అర్థమైంది కత్తెర గారూ. పదవిలో ఉండి, పదవి గురించి మాట్లాడినవాళ్ళకి ఈ వెసులుబాటు అక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ ఇస్తాను, ఇది అందరికీ తెలిసిందే. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళు నడిపే ఖబర్ లహరియా అనే వార్తాసంస్థ మీద ఢిల్లీకి చెందిన బ్లాక్ టికెట్ ఫిల్మ్స్ డాక్యుమెంటరీ తీసింది. ఇద్దరు కలిసి పెట్టిన చిన్న స్వతంత్ర సంస్థ, మీలాంటిదే. 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. సరిగ్గా ఆ వేడుక ముందర ఖబర్ లహరియా వాళ్ళే బహిరంగంగా చెప్పారు, మా పనిలో ఒక భాగాన్నే తీసుకుని అదే మొత్తం అన్నట్టు చూపించారని. అది చెడ్డ సినిమా అనడం లేదు. ఏళ్ళ తరబడి దగ్గరుండి తీసినా, ఏది చూపించాలన్నది తీసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలంటున్నా.

కత్తెర:

ఒప్పుకుంటాను. ఇక నా వంతు చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

'సొంతంగా తీసేవాళ్ళు మన తెలుగులో ఎవరున్నారు' అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన దీపా ధనరాజ్, మరికొందరు కలిసి 1980లో యుగాంతర్ అనే బృందం పెట్టారు. పుణెలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, నిపాణిలో పొగాకు కార్మికురాళ్ళు, ఇట్లా ఎవరి మీద తీస్తే వాళ్ళతో కూర్చుని, మాట్లాడి తీసేవాళ్ళు. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి 1983లో తెలుగులోనూ ఒకటి తీశారు. తీసిన సినిమాని మళ్ళీ ఆ బస్తీల్లోనే వేసి చూపించి, చర్చ పెట్టడం వాళ్ళ పనిలో భాగం. ఇంకాస్త ఇటు వస్తే జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు తామే కెమెరాలు పట్టుకుని విత్తనాల మీద, బీటీ పత్తి మీద సినిమాలు తీశారు. ఈ రెండూ కంపెనీ నమూనాలు కావు, నిజమే. కానీ పెత్తనం ఎవరిదన్న మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

డబ్బు. పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు 2000లో మొదలైంది, స్వతంత్రంగా తీసేవాళ్ళ చేత దూరదర్శన్ కోసం వందల సినిమాలు తీయించింది. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, కళలు, సంస్కృతి వైపు ఒరిగే విషయమైతే అక్కడ రాయండి. కోల్‌కతాలో డాక్ఎడ్జ్ అని ఒక పిచింగ్ వేదిక జరుగుతుంది, అంటే డబ్బు పెట్టేవాళ్ళకి మీ సినిమా ఆలోచన వినిపించే చోటు. అక్కడ డబ్బు దొరక్కపోయినా, సినిమా గురించి నాలుగు ముక్కల్లో ఎట్లా చెప్పాలో నేర్పి పంపిస్తారు. డాక్యుమెంటరీలు తీసే ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ 1948 నాటిది, అది 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో (ఎన్ఎఫ్‌డీసీ) కలిసిపోయింది. పాత చిరునామాకి ఉత్తరాలు రాయకండి.

ఇవేవీ మొదటి ఏడాది మీ అద్దె కట్టవు. కాబట్టి బయటి పని చేయాల్సిందే. నా సలహా ఒక్కటే, రెండు పద్దులు పెట్టుకోండి. కాలేజీ వీడియోలు, ఆస్పత్రి వీడియోలు, చెరువుల సినిమా అన్నీ ఒక పేరుతో, మీ డాక్యుమెంటరీలు ఇంకో పేరుతో. డబ్బు మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి పోవచ్చు. క్లయింటు మాత్రం పోకూడదు.

ఎడిటింగ్ గురించి ఒక్కటి. తీసిన ప్రతి మాటా టైంకోడ్‌తో (వీడియోలో ఆ మాట వచ్చే సమయం) సహా తెలుగులో రాసుకోండి. విసుగు పుడుతుంది, అయినా రాయండి. అది రాయకుండా టేబుల్ ముందు కూర్చున్నవాళ్ళు, మనిషి చెప్పినదాన్ని వదిలి బాగా ఏడ్చినదాన్ని పెట్టుకుంటారు. ఏ రోజు కార్డు ఆ రోజే రెండు డిస్కుల్లోకి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకొకరి ఇంట్లో.

గంగజాతర:

ఇంత చెప్పారు, నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఎవరు చూస్తారు?

కత్తెర:

కేరళ వాళ్ళు చూస్తారు సామీ. 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీలకీ షార్టులకీ ప్రత్యేకంగా పండగ జరుగుతోంది. హాలు బయట క్యూ ఉంటుంది, మెట్ల మీద కూర్చుని చూస్తారు. ముంబైలో రెండేళ్ళకోసారి మిఫ్ అనే డాక్యుమెంటరీ పండగ, 1990 నుంచి. దూరదర్శన్ సప్తగిరికి రాయొచ్చు. డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ సినిమా వేయనని దూరదర్శన్ మొండికేస్తే, వేయమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

గంగజాతర:

కేరళ సరే. బంగారుపాళ్యంలో తీసిన సినిమా బంగారుపాళ్యంలో ఎవరు చూస్తారు అంటున్నా.

తోతాపురి:

మేం చూస్తాం. చూపిస్తే కదా.

నల్లకోటు:

చూపించడానికి కూడా చట్టం ఉంది, చెప్పక తప్పదు. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 ప్రకారం నలుగురి ముందు ప్రదర్శించే ఏ సినిమాకైనా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. తెర థియేటర్లో ఉన్నా, రచ్చబండ దగ్గర దుప్పటి కట్టినా చట్టానికి తేడా లేదు. ముందస్తు సెన్సారే ఉండకూడదని దర్శకుడు కె.ఎ. అబ్బాస్ తన చిన్న డాక్యుమెంటరీ కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1970లో కోర్టు ముందస్తు సెన్సార్ సరైనదే అంది. యూట్యూబ్‌లో పెట్టడానికి మాత్రం ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంటే ఊళ్ళో ప్రతివాడూ విడివిడిగా ఫోనులో చూస్తే ఇబ్బంది లేదు, అందరూ కలిసి గోడ మీద చూస్తే ఇబ్బంది. చట్టాన్ని నేను రాయలేదు.

పల్లెల్లో ఇట్లా వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరూ పట్టించుకోరు. కానీ మీ సినిమా ఎవరికైనా గుచ్చుకున్న రోజు ఎస్సై ముందు అడిగేది ఆ కాగితమే. సెన్సార్ బోర్డు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, చిన్న సినిమాలకి ఫీజు కూడా తక్కువే. బోర్డు వాళ్ళు కత్తిరింపులు చెప్తే ఒప్పుకోవాలా వద్దా అనేది తర్వాతి సంగతి. 2021లో అప్పీలు ట్రిబ్యునల్ ఎత్తేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టే.

స్వర్ణముఖి:

అందరికీ చాలా థాంక్స్. ముగ్గురం కూర్చుని ఇదంతా చదివాం. ఎర్రచందనం పక్కన పెట్టాం. నగరి సంగతి మగ్గం చప్పుడు అన్న రాసినట్టు తీయాలంటే ఆ ఇంట్లో ముందు కొన్నాళ్ళు ఊరికే కూర్చోవాలి. అన్నా, అది రెండో సినిమా, మీతో మాట్లాడకుండా మొదలుపెట్టం.

తోతాపురి మొదటిది. కానీ ఒక సందేహం. నిరుడు ఇది పూర్తిగా రాజకీయమైపోయింది కదా. 2025లో ప్రభుత్వం కిలో 12 రూపాయలు అంది, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. పక్క రాష్ట్రం కాయలు రానివ్వకపోతే కర్ణాటక ముఖ్యమంత్రి ఉత్తరం రాశారు. ఏ ఫ్రేము పెట్టినా ఏదో ఒక పార్టీ వాళ్ళు పట్టుకుపోయేట్టున్నారు. దీన్ని ఎక్కడినుంచి పట్టుకోవాలి?

తోతాపురి:

అమ్మా, నువ్వు రోడ్డు మీద పారబోసిన కాయల్ని పట్టుకోవద్దు. అది అందరి దగ్గరా ఉండాది. క్యూని పట్టుకో.

ఇది ఎట్లా జరుగుతుందో చెప్తా విను. బెంగళూరు కాయ, అదే మీ తోతాపురి, ఇంట్లో తినేదానికి కొనేవాళ్ళు తక్కువ. అది జ్యూస్ ఫ్యాక్టరీకే పోవాల. కోసేది ఒక్కసారే మొత్తం తోట, పండు చేతిలో ఆగదు. ఫ్యాక్టరీకి తెలుసు మేం ఆగలేమని. టోకెను ఇస్తారు, ట్రాక్టరు గేటు బయట నిలబడతాది. ఒక రాత్రి పోతాది, రెండో రాత్రి పోతాది. ట్రాక్టరు బాడుగ నడస్తానే ఉంటాది, కాయ కింద వరసలో మెత్తబడతా ఉంటాది. ఈలోపల ర్యాంపులోడు, అంటే కాయలు కొనే దళారి, వచ్చి, 'ఇక్కడ్నే దించేయ్, నేనిచ్చేది ఇంత' అంటాడు. అది ప్రకటించిన ధర కాదు. అయినా దించుతాం. ధర పేపర్లో ఎంతుంది అనేది కాదు సంగతి, క్యూలో ఎన్ని గంటలు నిలబడగలవు అనేదే.

ఫ్యాక్టరీ వాళ్ళ మాట కూడా వినాల. పోయిన ఏటి గుజ్జు డ్రమ్ముల్లో అట్లే ఉండాది, బయటి దేశాల వాళ్ళు కొనలేదు, మేమేం చేసేది అంటారు. అబద్ధమో నిజమో మాకు గోడౌను చూపించరు. నువ్వు అడుగు.

రెండెకరాలోడు, ఇరవై ఎకరాలోడు ఇద్దరూ అదే క్యూలో ఉంటారు. ఇరవై ఎకరాలోడికి టోకెను ముందే ఎట్లొస్తాదో అది కూడా అడుగు.

కత్తెర:

ఇదే సినిమా. నాలుగు వారాలు, ఒక గేటు, ఒక ట్రాక్టరు వరస. వ్యాఖ్యానం అక్కర్లేదు.

పద్దుపుస్తకం:

ఒక చేర్పు. టోకెన్లు ఏ రోజు ఎన్ని ఇచ్చారు, రైతు ఖాతాకి నాలుగు రూపాయలు ఎప్పుడు పడ్డాయి, ఇదంతా ఉద్యానశాఖ, మార్కెటింగ్ శాఖ దగ్గర ఉండాల్సిన లెక్క. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, పైన 10. జవాబు ముప్పై రోజుల్లో రావాలి, రాకపోతే అప్పీలు. సీజను అయ్యాక పెడితే ఎడిటింగ్ టైముకి అందదు, ఇప్పుడే నిరుటి లెక్క అడగండి.

నల్లకోటు:

గేటు బయట, రోడ్డు మీద తీయడానికి ఫ్యాక్టరీ అనుమతి అక్కర్లేదు. లోపలికి మాత్రం రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే ఆ ఉత్తరం దాచుకో. రేపు 'మా వైపు అడగలేదు' అంటే పనికొస్తుంది.

స్వర్ణముఖి:

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నల్లకోటు గారు రాసిన రెండు క్లాజులూ చెరువుల సినిమా కంపెనీకి పంపాం. ఫుటేజీ గురించి ఒప్పుకున్నారు. పేరు తీసేసే క్లాజు మాత్రం 'మా లీగల్ వాళ్ళు చూడాలి' అన్నారు. తర్వాత వాళ్ళలో ఒకాయన ఫోన్ చేసి, మీరు మామిడి మీద కూడా ఏదో తీస్తున్నారట కదా అని అడిగాడు. ఆ కంపెనీకి గుజ్జు వ్యాపారం లేదు. అయినా అడిగాడు.

గంగజాతర:

ఇప్పుడర్థమైందా ఎవరు చూస్తారో. ఇంకా తీయకముందే చూస్తా ఉండారు.

పల్లెబాట:

ఆ ఫోన్ తర్వాత కూడా వాళ్ళ సినిమా చేస్తారా?

స్వర్ణముఖి:

మా ముగ్గురికీ ఇంకా కుదరలేదు. క్లాజు రాతలో వస్తే చేద్దామని ఇద్దరం, వద్దని ఒకరు. రాకపోతే మాత్రం ముగ్గురమూ వద్దనే. అప్పుడు మామిడి సినిమా బాబాయ్ కెమెరా మీద, మా మైకుల మీద నడవాలి.

పెళ్ళికెమెరా బాబాయ్:

కెమెరా ఇస్తా. బాడుగ సినిమా అయినాక చూసుకుందాం. షరతు ఒకటే, రాత్రిళ్ళు ట్రాక్టరు మీద పెట్టి నిద్రపోవద్దు. మామిడి సొన లెన్సు మీద పడితే పోదు. మా తమ్ముడు లైట్లు పట్టుకోను వస్తాడంట, వాడికి అన్నం పెట్టండి చాలు.

నిర్వాహకుడు:

సమ్మతి పత్రం నమూనా తెలుగులో ఎవరిదగ్గరైనా ఉంటే పంపండి, ఈ చర్చ పైభాగాన పెడతాను. పార్టీల పేర్లతో వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాను.

తోతాపురి:

అమ్మా, ఇంకో మాట. గేటు కాడికి నేరుగా రావద్దు. టోకెన్లు మొదలయ్యే ముందే తోటకి రా, కాయ కోసేటప్పటి నుంచే మా ట్రాక్టరుతో ఉండు. అట్లయితే క్యూలో నిన్ను పేపరోళ్ళు అనుకోరు. ట్రాక్టరు మాది కాదు, బాడుగది. డ్రైవరు కుర్రోడు ఫోటో అంటే మొహం తిప్పుకుంటాడు. వాడినే ముందు అడుగు, నేను చెప్పించను. ఫ్యాక్టరీలో సూపర్వైజరు ఒకాయన నాతో పాటు బడికి పోయినోడు. మాట్లాడతాడో లేదో తెలీదు. ఆయన నంబరు నీకు విడిగా పంపను. ముందు ఆయన్ని అడిగి, సరే అంటేనే.

స్వర్ణముఖి:

అట్లాగే అన్నా. కోతలు మొదలయ్యే వారం ముందు చెప్పండి, వస్తాం. కెమెరా లేకుండా.

తోతాపురి:

అట్లా వస్తే మద్దేనానికి సంగటి తిని పోవాల.